మూతెడు నీళ్లు

బరువు తగ్గే ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నీళ్లు గటగటా తాగలేను. ఆ రోజు జగ్గయ్యపేటలో బస్సెక్కి, సీసా మూతలో పోసుకుని తాగుతుంటే పక్క సీటు అమ్మాయి గమనించి గొంతు తగ్గించింది.

"మీకూ ఆ ఆపరేషనే అయ్యిందాండి? నాకయ్యి నాలుగు నెలలు. దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులుగా వచ్చేస్తోంది. అడగటానికి ఎవరూ లేరు. మళ్లీ వస్తుందాండి?"

తలకు చుట్టుకున్న చున్నీ కాస్త జరిపి, పలచబడ్డ పాపిట చూపించింది.

వెనక సీట్లో మా స్కూలు టీచర్లు ఉన్నారు. వాకింగ్ చేసి తగ్గానని వాళ్లకు చెప్పుకున్నాను.

"నాకే ఆపరేషనూ కాలేదమ్మా. గ్యాస్ ట్రబులు," అన్నాను.

"సారీ అండి," అని చున్నీ బిగించుకుంది. నందిగామలో దిగబోతూ నా జడ వంక ఒకసారి చూసింది.

నాకూ అలాగే ఊడి, మళ్లీ వచ్చిన జడ అది.