హెర్లిండా పెంచిన ప్రియెతా

మా వీధిలో పిండిమర నడిపే హెర్లిండా గురించి ఎవరడిగినా ముందు ఆవిడ నోటి గురించే చెబుతారు. నోరు కాదు, గొంతు. ముప్ఫై ఏళ్ళు మర పక్కన నిలబడ్డాక చెవులు సగం పోయాయి. అందుకే చర్చిలో గుసగుసలాడినా బజారు దాకా వినిపిస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళతో, "చేసుకుంటే వాడికీ నేనే రుబ్బిపెట్టాలి, ఉన్నది చాల్లే!" అనేది.

ఆవిడ నా కూతురు యరెత్సికి జ్ఞానస్నానపు తల్లి. అందుకని మా వైపు వరసలో నేను ఆవిడకు వదినను, ఆవిడ నాకు వదిన.

ప్రియెతా ఆవిడ పాము. పన్నెండేళ్ళ కిందట సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన మొక్కజొన్న బస్తాలో మూరెడు పిల్లగా దొరికింది. మా వైపు గింజలు నిల్వ చేసే గదిలో ఇలాంటి పాము ఉంటే ఎవరూ కొట్టరు. విషం ఉండదు, ఎలుకల్ని తింటుంది. కానీ మిగతావాళ్ళు పామును పాములాగే దూరంగా ఉంచుతారు. హెర్లిండా మాత్రం పేరు పెట్టింది, ఒళ్ళో వేసుకుంది, కుబుసం విడిస్తే చుట్టుపక్కల అందరికీ చూపించింది. బారెడు పైన పెరిగిన ఆ నల్లటి దాన్ని మెడ మీద వేసుకుని పిండి తూకం వేస్తుంటే కొత్తవాళ్ళు గిన్నెలు వదిలేసి పరుగెత్తేవారు.

"దానికీ చెవుల్లేవు, నాకూ లేవు. మా ఇద్దరికీ పోట్లాటే రాదు," అనేది.

నాకు ఒళ్ళు మండేది. పెళ్ళాడాల్సిన వయసులో పెళ్ళాడకుండా ఇప్పుడు పాముతో కాపురమేమిటని మొహం మీదే అన్నాను. నవ్వేసింది.

పోయిన డిసెంబరులో ఉత్తరపు గాలి వచ్చింది. మూడు రోజులు సూర్యుడు లేడు, కొండ మీద నుంచి మంచు నీళ్ళలా కారింది. ఆదివారం సాయంత్రానికి ప్రియెతా కర్రలా బిగుసుకుపోయింది. హెర్లిండా దాన్ని గోనెసంచిలో చుట్టి, రొట్టెల పిండి కోసం సున్నపు నీళ్ళలో మొక్కజొన్న ఉడికించిన డేగిసా మూత మీద పెట్టింది. కింద నిప్పులింకా ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. చలికాలం కోడిపిల్లల్ని మేమందరం అక్కడే పెడతాం, పసిపిల్లల బట్టలూ అక్కడే ఆరేస్తాం. కోడిపిల్లకు కాలితే గెంతుతుంది. పాముకు కడుపు కింద కాలుతున్నా తెలియదట, కదలదట. ఆ సంగతి మాలో ఎవరికి తెలుసు?

సోమవారం తెల్లారి ఎత్తి చూస్తే కడుపు చర్మం సంచికి అంటుకుని వచ్చేసింది.

పందికొవ్వు రాసి గుడ్డతో కట్టు కట్టింది. మాకు తెలిసిన వైద్యం అదే. తర్వాత హలాపా పట్నంలో పాముల్ని చూసే ఒకే ఒక్క ఆసుపత్రికి ఫోన్ చేయించింది. వెంటనే తీసుకురమ్మన్నారు, ముందుగా నాలుగున్నర వేల పెసోలు కట్టాలన్నారు. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఎందుకంటే పదిమంది ఆడవాళ్ళం కలిసి వేసుకున్న చీటీ అంతకుముందు శనివారమే నేను ఎత్తాను. ఐదు వేలు నా బీరువాలో ఉన్నాయి. ఆవిడది ఆఖరి వంతు.

"వదినా, నీ వంతు నాకియ్యవే. నాది నువ్వు తీసుకో," అంది.

"యరెత్సి పదిహేనేళ్ళ పండగ గౌనుకి రేపే కట్టాలి. కుట్టేదానికి ఏం చెప్పను? పాముకి కడుపు కాలిందనా?"

"నువ్వొకసారి అడిగి చూడు..."

"అడవికెళ్తే ఇలాంటివి పది దొరుకుతాయి, వదినా! మనుషులకే మందుల్లేక చస్తుంటే!"

"సరేలే, గౌను ముఖ్యమే," అంటూ వెళ్ళిపోయింది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేను విన్నది అప్పుడే. అయినా నా మనసు కరగలేదు, దాచుకోవడమెందుకు?

మంగళవారం కుట్టే ఆవిడ ఊళ్ళో లేదు. బుధవారం నాకే తీరలేదు. డబ్బు బీరువాలోనే ఉంది.

గురువారం తెల్లవారుజామున మర చప్పుడు వినిపించలేదు. అదేమిటా అని వెళ్ళాను. గింజల గదిలో బస్తాలకు ఆనుకుని కూర్చుంది, ఒళ్ళో ప్రియెతా. గదంతా కుళ్ళిన వాసన. వాకిట్లో గిన్నెలతో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, ఈవిడకు పట్టలేదు. ఆ మొహం చూడగానే కుట్టే ఆవిడ ఇంటికి పరుగెత్తాను.

"అయ్యో, దానికేం! వచ్చే నెల ఇవ్వు. నేనేమన్నా పారిపోతున్నానా?" అంది.

ఒక్క మాట. సోమవారమే అడగాల్సిన ఒక్క మాట.

హలాపా బస్సులో ప్రియెతా ఉన్న సంచీని ఇద్దరి ఒళ్ళోనూ పెట్టుకున్నాం. డాక్టరు కుర్రవాడే, కోపిష్టి. కట్టు విప్పి చూసి మొహం చిట్లించాడు.

"కుళ్ళు రక్తంలోకి ఎక్కేసింది. ఇది ఎప్పుడు కాలిందమ్మా?"

"ఆదివారం రాత్రి, బాబూ."

"ఆదివారమా! సోమవారం తెచ్చి ఉంటే నూటికి తొంభై పాళ్ళు బతికేది. నాలుగు రోజులు ఏం చేస్తున్నారు? చూస్తూ కూర్చున్నారా?"

హెర్లిండా నా వైపు చూడలేదు.

"మర పనిలో పడి చూసుకోలేదు బాబూ. ఇవాళే చూశాను," అంది.

"పెంచుకోవడం చేతకానప్పుడు ఎందుకు పెంచుకుంటారో!"

"అవును బాబూ," అంది. తల వంచుకుని తిట్లన్నీ తిన్నది. నేను పక్కనే కూర్చున్నాను. నోరున్నదాన్నని ఊరంతా నాకు పేరు.

చీటీ డబ్బు కట్టి, దాన్ని అక్కడే ఉంచి వచ్చాం. శనివారం చనిపోయిందని ఫోన్ వచ్చింది. ఇద్దరం వెళ్ళి తెచ్చుకున్నాం. వచ్చేటప్పుడు బస్టాండులో ఇక ఆగలేక అడిగాను.

"నా మీద చెప్పి ఉండాల్సింది వదినా. డబ్బు పెట్టుకుని ఇవ్వనిది నేను. ఎందుకలా అబద్ధం చెప్పావు?"

సంచీని సర్దుకుంటూ అంది, "మూత మీద పెట్టింది నేను కదే. అందులో నీకు వాటా ఎక్కడిది?"

నేను అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ ఒక చేత్తో సంచీ పట్టుకుని, రెండో చేత్తో నా వీపు నిమురుతూ, బస్సొచ్చేదాకా నన్నే ఓదార్చింది.