ఊరి వైపు తిరిగి కూర్చున్న మనిషి

ఎప్పుడో తిన్న ఒక కూర నా కడుపులో ఇంకా అలాగే ఉంది. ఇన్నేళ్లయినా అరగలేదు.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. అమ్మవారి గుళ్లో కళ్లు మూసుకుని నిలబడ్డప్పుడు కూడా, ఈ సంగతి దగ్గరికి రాగానే తప్పుకుని, పిల్ల చదువు గురించి మొక్కుకుని బయటపడ్డాను. మా ఊరి పేరు రాయను. పూండి స్టేషన్లో దిగి, జీడితోటలు దాటి సముద్రం వైపు వెళితే తగిలే ఊళ్లలో ఒకటి అనుకోండి. చేపలు పట్టుకుని బతికేవాళ్లం. నేను ఇంటర్ దాకా చదివాను. పేపరు చదివి ఊళ్లో వాళ్లకు వివరంగా చెప్పే పెద్దమనిషిని. ఆ చదువు దేనికి పనికొచ్చిందో మీరే చూడండి.

మా ఊరికి ఒక సాయిబు వచ్చేవాడు. ఇచ్ఛాపురం మనిషి. పూండి దాకా రైల్లో వచ్చి, అక్కడ ఉంచుకున్న సైకిలు మీద లుంగీలు, తువ్వాళ్లు, దోమతెరలు వేసుకుని మా వైపు ఊళ్లన్నీ తిరిగేవాడు. నేను ఆయన్ని మావా అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. నా కూతురు పుట్టినప్పుడు చిన్న దోమతెర ఒకటి తెచ్చి, డబ్బులిస్తే పుచ్చుకోకుండా, ఉయ్యాలకు తనే కట్టి వెళ్లాడు. పేరు మాత్రం నేనెప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఎంత మావో చూడండి.

మా ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్ద వల అది. పడవ మీద తీసుకెళ్లి నీళ్లలో చుట్టూ వేసి వస్తే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీద నుంచి జనం లాగాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది. ఏ కులం, ఏ ఊరు అని అడగరు. దారిన పోయేవాడు సరదాకి ఒక పట్టు పట్టినా, అతనికీ ఇసుకలో ఒక చిన్న కుప్ప పోస్తారు. ఆ కుప్పను ఇంకొకడు ముట్టుకోడు. సాయిబు మావ సైకిలు ఆపి, లుంగీ ఎగ్గట్టి తాడు పట్టేవాడు. లాగడం పెద్దగా వచ్చేది కాదు గానీ, పాట మాత్రం మా వాళ్ల కంటే గట్టిగా అందుకునేవాడు.

వల ఒడ్డుకు చేరాక, కాళ్లూ చేతులూ కడుక్కుని సరుగుడు తోటలో చాప పరిచి నమాజు చేసుకునేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు అదోలా అనిపించింది. మాకు దండం అంటే తూర్పు. గంగమ్మ. మా వాళ్లెవరూ సముద్రానికి వీపు పెట్టి దేవుణ్ణి తలుచుకోరు. ఈయన వీపు నీళ్లకు పెట్టి, మొహం మా ఇళ్ల వైపు పెట్టాడు. ఉండబట్టలేక అడిగాను.

"ఏటి మావా, సవుద్రానికి ఈపెట్టి దండమెడతన్నావు? గంగమ్మకి కోపం రాదేటి?"

ఆయన చాప మడుచుకుంటూ నవ్వాడు. "మా కాబా పడమరనుంది అల్లుడూ. అటే తిరగాల. మద్దెలో మీ ఊరడ్డొచ్చింది, నేనేటి సేసీది? నా దువాలో మీరూ కలిసిపోతన్నారు."

ఈ మాట విన్నవాణ్ణి ఊరు మొత్తంలో నేనొక్కణ్ణే. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత రోజులు మారాయి. ఎక్కడెక్కడో బాంబులు పేలినట్టు పేపర్లో చదివి నేనే అందరికీ చెప్పేవాణ్ణి. ఒక చలికాలం, దూరాన పెద్ద నగరంలోకి సముద్రం మీద పడవలో దిగి జనాన్ని కాల్చేశారని టీవీలో రాత్రీ పగలూ చూపించారు. పడవలో అన్న మాట మా ఊరికి పట్టుకుంది. కుర్రాళ్లు నన్ను చూసి "నీ మావ ఏడి, ఈమద్దిన రాలేదేటి" అని ఒక రకంగా నవ్వేవారు. నిజం చెబుతున్నాను, నాకు భయం వేసింది ఉగ్రవాదులకు కాదు. ఆ నవ్వుకు.

పోలీసులు వచ్చి ఒడ్డున మీటింగు పెట్టారు. వచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. కంగారు పడొద్దు, కొత్తవాళ్లు కనిపిస్తే కబురు చేయండి, అన్నాడు. చదువుకున్నవాణ్ణని నాకు ఆయన పక్కనే కుర్చీ వేశారు. చేతిలో కూల్‌డ్రింకు పెట్టారు. ఎవరూ నన్ను అడగలేదు. నేనే లేచి చెప్పాను. ఒక సాయిబు వస్తాడండి, వచ్చినప్పుడల్లా సరుగుడు తోటలో కూర్చుంటాడండి, సముద్రం వైపు చూడడండి, ఊరి వైపే చూస్తాడండి, అన్నాను.

ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఎన్నిసార్లో ఇలా నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఒక్క ముక్క కల్పించలేదు కదా, చూసిందే చెప్పాను కదా అని. ఛీ. ఎందుకు అటు తిరుగుతాడో తెలిసీ, ఆ ఒక్క ముక్కా మింగేసి మిగతాదంతా చెప్పడం కంటే అబద్ధం ఆడి ఉంటేనే కొంచెం నయం. జనం అంతా నా వైపు చూశారు. ఆ చూపులు నాకు బాగున్నాయి. ఆ కూల్‌డ్రింకు కూడా బాగుంది.

కొద్ది రోజులకు సాయిబు మావ వచ్చాడు. ఏమీ తెలియదు పాపం. ఎప్పటిలాగే తాడు పట్టాడు. చేపలు పంచేటప్పుడు ఎవరో అలవాటు కొద్దీ ఆయనకూ ఒక కుప్ప పోశారు. ఆయన తోటలోకి వెళ్లి చాప పరుచుకున్నాడు. కుర్రాళ్లు చుట్టుముట్టారు. మూట విప్పి బట్టలన్నీ ఇసుకలో పోశారు. ఒకడు టోపీ లాగాడు. ఇంకొకడు చాప మీద ఉమ్మేశాడు. ఊరినెందుకు చూస్తున్నావని అరుస్తుంటే, ఆయన గుంపులో కళ్లతో వెతికి నన్ను పట్టుకున్నాడు.

"నువ్వు సెప్పు అల్లుడూ. నీకు తెల్సు గదా."

అందరూ నా వైపు తిరిగారు. ఒక్క మాట చాలు. నా మాట ఊళ్లో చెల్లుతుంది.

"నాకేటి తెల్సు" అన్నాను. "నువ్వెవులో నాకేటెరిక."

అది చాలలేదు నాకు. చేపల జిగురు అంటిన కాళ్లతో ఆ చాప మీద నుంచి నడిచి అవతలికి వెళ్లాను. తప్పుకుని వెళ్లడానికి ఎంత చోటైనా ఉంది. కావాలనే తొక్కాను, అందరూ చూడాలని తొక్కాను. ఆయన వంగి చాప మడుచుకున్నాడు. పోలీసులు వచ్చి పేరు అడిగితే చెప్పాడు. ఆయన పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే. దాన్ని ఇక్కడ రాయను. ఆ పేరు పలికే మొహం కాదు నాది.

ఆయన్ని తీసుకెళ్లాక ఒడ్డు ఖాళీ అయింది. ఇసుకలో ఆయన వాటా ఒక్కటే మిగిలింది. కవళ్లు, చిన్న చేపలు. కాకులు చేరుతున్నాయి. వదిలేయవచ్చు. నీళ్లలో పారేయవచ్చు. నేను తువ్వాలులో మూటకట్టి ఇంటికి పట్టుకెళ్లాను. ఆ తువ్వాలూ ఆయన అమ్మిందే. నా భార్య ఏమీ తెలియక చింతపండు పులుసు పెట్టింది. తిన్నాను. రుచిగానే ఉంది. మళ్లీ వడ్డించుకుని తిన్నాను. ఇది రాస్తుంటే నోట్లో నీచువాసన వస్తోంది. ఒకడి కుప్ప ఇంకొకడు తినడం మా ఒడ్డున తాగుబోతు కూడా చేయని పని.

ఆయన దగ్గర ఏమీ దొరక్క పోలీసులు వదిలేశారని తర్వాత తెలిసింది. మళ్లీ మా వైపు రాలేదు. కొన్నాళ్లకు పలాసలో రైలు కోసం నిలబడి ఉంటే, అవతలి ప్లాట్‌ఫారం మీద కనిపించాడు. గడ్డం తీసేశాడు. తల మీద టోపీ లేదు. మూట పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రమైంది, నమాజు వేళ. చాప పరచలేదు. తల మాత్రం కొంచెం వంచి, పెదాలు కదుపుతున్నాడు, ఎవరికీ కనబడకుండా. నేను టీ కొట్టు వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

అక్కడితో అయిపోయి ఉంటే బహుశా ఇది రాసేవాణ్ణి కాదు. మొన్న నా కూతురు, ఆ దోమతెరలో పెరిగిన పిల్ల, కాలేజీ స్నేహితురాళ్లతో మా ఇంట్లో కూర్చుని చెబుతోంది, మా ఊరోళ్లు ఒకసారి ఉగ్రవాదిని పట్టుకున్నారే, మా నాన్నే పోలీసులకి సెప్పాడు, అని. గర్వంగా చెబుతోంది. ఆ పిల్లలు నన్ను మెచ్చుకోలుగా చూశారు. నేను వల బాగు చేసుకుంటూ తల దించుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకుని నవ్వారు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. అన్నం తిని పడుకున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? ఆయన్ని వెతికి అడిగే ధైర్యం నాకు లేదు, ఉంటుందని కూడా అనుకోను. నాకు చేతనైంది ఒక్కటే. గుంపు మధ్యలో నిలబడి ఆయన అడిగిన మాటకు, ఇన్నేళ్లకు, ఎవరూ లేని గదిలో జవాబు చెబుతున్నాను.

తెల్సు మావా. నాకు తెల్సు.