గుడియాత్తంలో గట్టిమేళం

వేలూరులో చదువుకునే రోజుల్లో కాలేజీ గాయక బృందంలో చేరి, బరోక్ సంగీతం మొదటిసారి విన్నాను. వందల ఏళ్ల కిందటి యూరప్ పాట. ఒక గొంతు ముందు నడుస్తుంది, ఇంకో గొంతు అదే దారిలో దాని వెనకే వస్తుంది, రెండూ ఎక్కడో కలిసి పొగమంచైపోతాయి. ఆ మంచులోంచి నేనింకా బయటికి రాలేదు. ఇన్నేళ్లుగా ఒక చిన్న బృందాన్ని చేతులూపి నడిపిస్తున్నాను. మనవాళ్లకిది అర్థం కాదన్న ప్రతివాడితోనూ పోట్లాడాను. అర్థమైతేనే వినాలంటే పెళ్లిమంత్రాలు ఎవరు వింటారు?

సత్తువాచారిలో మేం పెట్టిన కచేరీలో సగం మంది మధ్యలోనే లేచిపోయారు. మా వయొలిన్లను ముందుండి నడిపే పెద్దాయన ఆ రోజే తేల్చేశాడు, ఇంకోసారి ఇలా జరిగితే తను రానని. ఆయన లేకపోతే బృందమే లేదు. నేను మొండిగా తర్వాతి కచేరీకి గుడియాత్తంలో కల్యాణ మండపం మాట్లాడాను, చివర్లో టిఫిన్ కూడా చెప్పాను.

మండపం యజమాని తల్లి, అక్కడ ఏ కార్యం జరిగినా చేసినట్టే, గుమ్మంలో అందరి చేతుల్లో అక్షింతలు పెట్టిందట. నేను చూడలేదు. సాయంత్రపు ఎండ లోపలికి జారుతోంది. వయొలిన్లు నిద్రలో మాట్లాడినట్టు మొదలయ్యాయి. జనం కదల్లేదు. అంతలో బాకాలూ డోళ్లూ ఒక్కసారిగా లేచే చోటు వచ్చింది. వాళ్ల చెవులకది గట్టిమేళం, తాళి కట్టే క్షణం. మండపమంతా లేచి నిలబడింది. పసుపు బియ్యం వానలా కురిసింది, పాడేవాళ్ల జుట్టులో, నా చేతుల మీద, వయొలిన్ చిల్లుల్లో.

వాన బాగానే ఉంది, కలలో తడిసినట్టు. కానీ అక్షింతలు వేశాక ఎవరైనా చేసేదేమిటి? భోజనాల గది వైపు నడిచారు. అసలు పాట, కాలేజీలో నన్ను పట్టుకున్న ఆ మెల్లని పాట, ఇంకా మిగిలే ఉంది. వయొలిన్ ఆయన కమాను దించేశాడు.

జనం వైపు తిరిగాను. "యాడికి పోతా ఉండారప్పా? పెండ్లి ఇంగా అయిపోలే. పెండ్లికూతురు ఒంటిగా కూచోని పుట్టిల్లు తలుచుకుంటా ఉండాది. అది ఇనకుండా తింటే అరగదు."

నవ్వారు. ముందు వరుస ముసలమ్మ పక్కవాళ్లను కసిరింది. "కూచోండి నాయనా, ఆ బిడ్డ ఏడస్తా ఉండాదంట."

కూర్చున్నారు. చెయ్యెత్తాను. ఒక గొంతు, వెనకే ఇంకో గొంతు. ఎవరో ఫ్యాన్లు ఆపేశారు. ఆ ఉక్కలో, సాంబారు వాసన మీదుగా పాట తేలిపోయింది. ముసలమ్మ కళ్లు మూసుకుని, ఎప్పుడో వదిలి వచ్చిన ఇంటిదాకా వెళ్లినట్టుంది.

టిఫిన్ దగ్గర వయొలిన్ ఆయన నా పక్క ఆకు ముందు కూర్చున్నాడు. జుట్టులోంచి అక్షింతలు దులుపుకున్నాడు.

"తిరువలంలో మండపం యాడ దొరుకుతాదో విచారించమ్మా," అన్నాడు.