రోబో నెత్తిన పేరుపలక

రాయదుర్గం వెళ్లే మెట్రోలో నా పక్కనున్న కుర్రాడి ఒళ్లో ఒక రోబో ఉంది. ఆఫీసు తరఫున పోటీకి తీసుకెళ్తున్నాడట. ర్యాంపు ఎక్కిన ప్రతిసారీ వెనక్కి బోల్తాపడుతోందన్నాడు. కారణం కనిపెట్టడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. దాని నెత్తిన బాసు పేరు చెక్కిన బరువైన ఇత్తడి పలక, నిలువుగా.

"పలకని కిందికి బిగించొచ్చుగా?" అన్నాను.

"సార్ పేరు చక్రాల కాడ పెడ్తరా అన్నా?"

"మరి ఇవాళ కూడా పడితే?"

"పడితే రోబో పోతది. పలక దించితే నా నౌకరీ పోతది."

దిగేముందు జేబురుమాలుతో పలకని శ్రద్ధగా తుడిచాడు. చక్రాల మట్టి జోలికి పోలేదు.

మా ఆఫీసులో ఏ ప్రాజెక్టు బోల్తాపడ్డా, ఇప్పుడు నేను లోపం వెతకను. నెత్తిన ఎవరి పేరుందో చూస్తాను.