ఫ్లాపీకి చుట్టిన చీటీ

పొద్దున ఆరింటికి నల్లగొండలో మహబూబ్‌నగర్ బస్సెక్కాను. అక్కడ ఒక సంస్థలో పదిమంది కలిసి పాలకేంద్రాలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తారు. వాళ్ల పనిలో దొర్లే తప్పులు నమోదు చేసుకోవడానికి మరో ప్రోగ్రాము నేనే తయారుచేసి ఫ్లాపీ డిస్కులో పంపాను. రిజ్వానా అనే ఉద్యోగి దాన్ని ముట్టడం లేదని యజమాని ఉత్తరం రాశాడు. నేను వెళ్లి చూసి నిజమేనంటే ఆమె ఉద్యోగం పోతుంది.

ఎనిమిదింటికి దేవరకొండ. వెళ్లేవాళ్లు అక్కడే తినాలి, తర్వాత కల్వకుర్తి దాకా ఏమీ దొరకదు. పక్క సీట్లో అచ్చంపేట రైతు నా పని విని అడిగాడు:

"మిషన్ల తప్పొస్తే మనిషిని తీసేస్తరా సారూ?"

"ఆమె చెప్పినట్టు చేస్తలేదట."

"నువ్వు సూసినవా?"

"ఇయ్యాల చూస్త."

"సూడకముందే గిట్ల మాట్లాడుతున్నవ్!" నవ్వుకుంటూ డిండిలో దిగిపోయాడు.

పన్నెండున్నరకు చేరాను. ఒకే గది, రెండే కంప్యూటర్లు, పదిమందికి వంతులు. గోడవారగా స్టూలు వేసుకుని రెండు గంటలు నోరెత్తకుండా చూశాను. తప్పు కనబడగానే రిజ్వానా దాన్ని చీటీ మీద రాసి, ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీకి రబ్బరుబ్యాండుతో చుట్టి, ఆ ప్రోగ్రాము రాసిన యాదగిరి ముందు పెట్టింది. అతను తప్పు దిద్దాకే చీటీ చించాడు.

"నా ప్రోగ్రాము వాడి చూపించమ్మా" అన్నాను. తెర మీద పదకొండు గడులు నింపితేగాని అది తప్పు రాయనివ్వదు. ఏడో గడి దగ్గర కరెంటు పోయింది. రాసిందంతా పోయింది.

"రోజు గిట్లనే సార్" అంది రిజ్వానా. "చీటీకి కరెంటు అక్కర లేదు."

"మరి మిగతావాళ్లు నింపుతున్నరు కద?"

యాదగిరి తల గీరుకున్నాడు. "అది శనివారం పూజ సార్. తప్పులన్నీ దిద్దినంక, మీ కోసం నింపుతం."

అర్థం లేని తంతులను ఊరూరా వేదికలెక్కి తిట్టినవాణ్ణి నేను. ఇక్కడొక తంతు నేనే పెట్టాను. దాన్ని నమ్మని ఒక్క మనిషిని శిక్షించడానికి బస్సెక్కి వచ్చాను.

తీసెయ్యాల్సింది ఆమెను కాదు, నా పదకొండు గడులను అని యజమానికి కాగితం మీద రాసిచ్చాను. చదివి, "ఒక నెల ఆమెను ఉంచి చూస్త" అన్నాడు, అంతే.

నాలుగున్నరకు తిరుగు బస్సు. రిజ్వానా నా ఫ్లాపీ తిరిగిచ్చింది. జడ్చర్ల దాటాక చూస్తే దానికీ చీటీ చుట్టి ఉంది: "గడులు పదకొండు. మూడు చాలు. ఎవరి పని, ఎక్కడ, ఏమైంది."

తప్పు దిద్దాకే చీటీ చించాలి. మడిచి జేబులో పెట్టుకున్నాను.