నేను కుట్టించిన మేజర్లు

సింగపూర్‌లో దిగిన కొత్తలో నేను భయపడని వస్తువంటూ లేదు. ఆ రోజులే అలాంటివి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయం పుణ్యమా అని ఉద్యోగం దొరికిన నాలాంటివాడు ధైర్యంగా ఎలా ఉంటాడు? ఎర్ర లైటు ఉండగా రోడ్డు దాటితే జరిమానా అని భయం, రైల్లో మంచినీళ్లు తాగితే జరిమానా అని భయం (ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా సంచిలో కారుతుంటే, ఆ నేరానికి ఏ శిక్ష రాసి ఉందోనని దారంతా నిలబడే వచ్చాను). అన్నిటికన్నా పెద్ద భయం నా వర్క్ పాస్ గురించి. అది రద్దయితే పెట్టె సర్దుకోవాల్సిందే. ఇంటికెళ్లి ఏం చెప్పాలో ఇరవై నాలుగేళ్ల నాకు తెలియదు.

తీరా జనవరి ఒకటి వచ్చింది, ఏ కంప్యూటరూ పేలలేదు, మా అవసరం తీరిపోయింది. నన్ను తెచ్చిన కంపెనీ నన్ను పాయా లేబర్ అనే పేటలోని ఒక చిన్న ఎంబ్రాయిడరీ కంపెనీకి అప్పగించింది. స్కూలు చొక్కాల జేబుల మీద గుర్తులు, హోటల్ తువ్వాళ్ల మీద పేర్లు కుట్టే చోటు. యజమానురాలు ఒక చైనీస్ ఆవిడ. అందరూ మేడమ్ అనేవాళ్లు. రోజుకు ఇరవై మాటలకు మించి మాట్లాడేది కాదు, అందులో పదిహేను మెషీన్లతోనే. ప్యాకింగ్ బల్ల దగ్గర ఒక మలయ్ పెద్దావిడ కూర్చునేది. ఆవిడను మకచిక్ అని పిలిచేవాళ్లం, మనం పిన్నీ అన్నట్టు.

నేను చేరిన నెలకే మేడమ్‌కు పెద్ద ఆర్డరు వచ్చింది. దగ్గర్లోని ఒక దీవికి శాంతి కాపాడటానికి వచ్చిన ఇటలీ సైనికులకు భుజం పట్టీలు కావాలి. మూడొందల మంది పేర్లు, హోదాలు ఒక ఫ్లాపీలో పంపారు. ఏ హోదాకు ఏ గుర్తో బొమ్మలు వేసిన చార్టు కూడా పంపారు. నక్షత్రాలు, బాణం మొనల్లాంటి చారలు, బంగారు గీతలు, కోట బురుజులాంటి కిరీటం. జాబితా చదివి ఎవరికి ఏ గుర్తు కుట్టాలో మెషీన్‌కు చెప్పే ప్రోగ్రామ్ రాయడం నా పని. ఇటాలియన్ నాకు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. జాబితాలో హోదాల స్పెల్లింగులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉన్నాయి. పూర్తి పదం కోసం వెతికితే దొరకడం లేదు. అందుకని తెలివి ఉపయోగించాను. 'మజ్జోరె' అంటే మేజరని వింటేనే తెలుస్తోంది కదా, ఆ మాట హోదాలో ఎక్కడ కనిపించినా బురుజూ నక్షత్రమూ కుట్టమన్నాను. ఒకే ఒక్క వరుస కోడ్! ఆ సాయంత్రం నా భుజం నేనే తట్టుకున్నాను.

పది ప్యాకెట్లు నమూనాగా ముందే వెళ్లిపోయాయి. మిగతావి తయారై హోదాల వారీగా డబ్బాల్లో పడుతుంటే, గురువారం మధ్యాహ్నం మకచిక్ నన్ను పిలిచింది. మేజర్ల డబ్బా నిండి, పక్కన రెండో డబ్బా కూడా నిండి, మూడోది తెరిచింది.

"ఇంతమంది బాస్‌లా?" అంది. "మరి పని చేసేదెవరు, లా?" (ఆ 'లా' అనే తోక లేకుండా ఇక్కడ మాట పూర్తి కాదు.)

చార్టు తీసి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. మజ్జోరె అంటే మేజర్, నిజమే. కానీ 'కపోరల్ మజ్జోరె' అని ఒకటుంది. మెట్ల వరుసలో కింద నుంచి మూడోదో ఏమో, మామూలు సిపాయి కన్నా కాస్త పైన. వాడికి ఒక లావు చార, ఒక సన్న చార. 'సెర్జెంతె మజ్జోరె' అని ఇంకోటుంది, వాడు సార్జెంటు. అందరి హోదాలోనూ మజ్జోరె ఉంది కాబట్టి అందరికీ కిరీటం పెట్టేశాను. మన ఊళ్లో కలెక్టర్‌కు బంగళా ఇవ్వమంటే బిల్ కలెక్టర్లందరినీ తెచ్చి అందులో కూర్చోబెట్టినట్టు. లెక్కపెట్టాను. నూట ముప్పై ఒక్కమంది మేజర్లు. అసలు మేజరు ఒక్కడే.

మేడమ్‌కు చెబుదామని లేచేసరికి ఆవిడే ఫ్యాక్సు కాగితం పట్టుకుని ఎదురొచ్చింది. "రేపు పది గంటలకు వాళ్ల మనిషి వస్తున్నాడు, సరుకు చూడటానికి." కాగితంలో పేరు ముందు 'మరెషాల్లో' అని ఉంది. చెప్పాల్సింది చెప్పకుండా కాగితం తిరిగిచ్చేశాను. సాయంత్రం లైబ్రరీకెళ్లి డిక్షనరీ తీస్తే, మరెషాల్లో అంటే మార్షల్ అట. మార్షల్! మన దేశ సైన్యంలో ఫీల్డ్ మార్షల్ హోదా దక్కినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. ఆపైన గుర్తొచ్చింది, మా జాబితాలో మరెషాల్లోలు పదకొండు మంది ఉన్నారు. అంతమంది మార్షల్స్‌ను ఒక చిన్న దీవి మీదికి దింపిన సైన్యం ఎంత భయంకరమైనదై ఉండాలి! (చార్టులో ఆ హోదా నడిమధ్యన ఉంది. పెద్దవాళ్లను మధ్యలో కూర్చోబెట్టడం వాళ్ల మర్యాద కాబోలనుకున్నాను.) అలాంటివాడు గుడ్డ పట్టీల కోసం స్వయంగా వస్తున్నాడంటే ఒక్కటే అర్థం. నమూనా ప్యాకెట్లు ఎక్కడో కొంప ముంచాయి.

క్లెమెంటిలో నేను అద్దెకున్న గది ఒక తెలుగు అంకుల్ ఫ్లాటులోది. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చిన కుటుంబం.

"ఏటి తంబీ, మొకం అలాగైపోనాది? మకాన్ సేసినావా?" అన్నాడు.

అన్నం సంగతి తర్వాత అని జరిగింది చెప్పాను. ధైర్యం చెబుతాడని ఆశ.

"ఓలమ్మో!" అని టీవీ కట్టేశాడు. "ఆర్మీ మేటర్ ఆటలు కాదు లా. నేషనల్ సర్వీసులో నేను కార్పొరల్‌ని. ఒక్క సార తలకిందులుగా కుట్టుకున్నానని సార్జెంటు నన్ను గ్రౌండు సుట్టూ పొద్దుగూకేదాకా పరిగెట్టించినాడు. నువ్వు నూటముప్పై మందిని మేజర్లని సేసినావు! నిన్నేటి సేస్తారో నాకు తెల్దు." తర్వాత జాలిపడ్డాడు. "ఆడు అడగకముందే నువ్వే సెప్పీ తంబీ. నిలబడి సెప్పీ."

ఆ రాత్రి పెట్టె సర్దేసుకుని పడుకున్నాను.

మర్నాడు కంపెనీ చేరేసరికి ఆయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. పొట్టిగా, గుండ్రంగా, ముక్కు చివర కళ్లజోడు, భుజాల మీద సన్నని బంగారు గీతలు మూడు. మేడమ్ ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆయన ఒక ప్యాకెట్ విప్పి పేరు చదివాడు, పట్టీ చూశాడు. ఇంకోటి విప్పాడు. ఇంకోటి. కాఫీ కప్పు పక్కకు జరిపాడు. మేడమ్ ముఖం వైపు చూడాలంటే నాకు చచ్చేంత భయమేసింది, ఆవిడకింకా ఏమీ తెలియదు. నా మోకాళ్లు వాటంతట అవే దగ్గరయ్యాయి, చేతులు తొడలకు అతుక్కున్నాయి.

"ఫీల్డ్ మార్షల్ సార్," అన్నాను. "తప్పు నాది. మేడమ్‌ది కాదు. ప్రోగ్రామ్ నేను రాశాను. నాకు మీ భాష రాదు, రాదని చెప్పలేదు."

ఆయన కళ్లజోడు తీశాడు. "నన్ను ఏమన్నావు?"

మళ్లీ అన్నాను. ఆయన బల్ల మీద చెయ్యి వేసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "బాబూ, మా సైన్యంలో మరెషాల్లో అంటే ఆఫీసర్లకూ సిపాయిలకూ మధ్య నలిగేవాడు. నేను గోదాము చూసుకుంటాను. మేజోళ్లు, దుప్పట్లు, టమాటా డబ్బాలు. పట్టీలు కూడా సామానే కాబట్టి వచ్చాను." వచ్చీరాని ఇంగ్లీషులో నమూనాల కథ కూడా చెప్పాడు. మా పది ప్యాకెట్లలో ఒకటి వంట కుర్రాడికి చేరిందట. వాడు అది తగిలించుకుని ఫొటో దిగి వాళ్లమ్మకు పంపాడట. ఆవిడ వీధంతా పిలిచి, మా వాడు మేజరయ్యాడని విందు చేసిందట. "కాదని ఆవిడకు ఎవరు చెబుతారు? కల్నల్‌గారికే ధైర్యం చాల్లేదు."

నేనూ నవ్వబోయాను. ఆయన మటుకు నవ్వు ఆపేశాడు. "కానీ విను. అక్కడ గొడవైతే మా సిపాయి పిల్లలు ముఖాలు చూడరు, భుజం చూస్తారు. ఎవరి మాట వినాలో అదే చెబుతుంది. తప్పు భుజం చూసి పరిగెత్తితే?" ముందు రోజు నుంచి పడ్డ భయమంతా నా పాస్ గురించే. ఆ పరిగెత్తే పిల్లల గురించి ఒక్క క్షణం కూడా భయపడలేదు. ఇప్పుడు మొదలైంది.

తప్పు పట్టీ ఒక్కటి కూడా బయటికి వెళ్లకూడదన్నాడు. మేడమ్ నాలుగు కత్తెరలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయనా, మేడమూ, మకచికూ, నేనూ కూర్చుని కిరీటాలన్నీ కత్తిరించాం. ఒక్కోటి కత్తిరించేటప్పుడు ఆయన నా చేత ఆ హోదా పేరు బిగ్గరగా చెప్పించాడు, దాని పైదీ కిందదీ కూడా. మధ్యాహ్నానికి సిపాయి నుంచి జనరల్ దాకా అప్పజెప్పగలిగాను. మకచిక్ నాకన్నా ముందే నేర్చేసుకుంది. ప్రోగ్రామ్ సరిచేశాక, సోమవారం దాకా కుట్టిన ప్రతి పట్టీనీ మెషీన్ పక్కన నిలబడి నా కళ్లతో చూడమంది మేడమ్. చూశాను. నన్ను పంపేస్తారా అని ఆవిడను అడిగే ధైర్యం చేయడానికి ఇంకో వారం పట్టింది.

"తప్పు ఒప్పుకున్నవాణ్ణి పంపేసి, దాచేవాణ్ణి తెచ్చుకోనా?" అని మెషీన్ వైపు తిరిగింది. ఆ రోజు కోటా మాటలు అయిపోయినట్టున్నాయి.

ఇప్పుడు సింగపూర్‌లోనే, పుంగ్గోల్ వైపు ఉంటున్నాం. నా హోదా విజిటింగ్ కార్డు మీద రెండు వరుసలు పడుతుంది, మా అమ్మాయి దాన్ని చదివి, "నాన్నా, సో వాట్ డు యు డూ, ఆహ్?" అని అడుగుతుంది. మొన్నామధ్య నేను పనిచేసే బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు దొర్లితే పదకొండు మందిమి ఫోన్ మీటింగులో కూర్చున్నాం. 'సమస్య గమనించబడింది' అన్నారు ఒకరు, 'సమీక్షించబడుతుంది' అన్నారు ఇంకొకరు. ఆ తప్పు నేను సరేనన్న కోడ్‌లోనే ఉంది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అలాంటిదే ఏదో అన్నాను, కాలు మీద కాలేసుకుని, గొంతు ఏమాత్రం వణక్కుండా. ఫోన్ పెట్టేశాక, మోకాళ్లు దగ్గర చేసి నిలబడి గోదాము గుమస్తాను ఫీల్డ్ మార్షల్ అని పిలిచిన ఆ పిరికివాడు గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది. తర్వాత లేచి నిలబడి మళ్లీ ఫోన్ తీసి, మిగతా పది మందినీ ఒక్క నిమిషం లైన్లోకి రమ్మన్నాను.