గడ్డకట్టిన సరస్సు చప్పుడు

చలికాలం పొద్దున దెగ్లూర్ నుంచి నాందేడ్ పోయే బస్సులో నా మనవరాలు భూగోళం పాఠం గట్టిగా చదువుతోంది. "కొండల నడుమ సరస్సులు చలికాలంలో గడ్డకడతాయి. జనం వాటి మీద నడుస్తారు."

పక్కన స్వెట్టర్ల మూటతో కూర్చున్న కొండప్రాంతపు ఆమె హిందీలో కల్పించుకుంది. "మా ఊరు అలాంటి సరస్సు ఒడ్డునే, అవ్వా. కానీ ముందు మంచుకు చెవి ఆనించి వింటాం. అది మూలిగితేనే నడుస్తాం. మూగబోతే కాలు పెట్టం."

"మంచు మూలుగుడేందే? నేను రెండో తరగతే సదివిన గాని, గంత ఎడ్డిదాన్ని కాదు," అన్నాను మనవరాలితో.

నా మొహం చూసి ఆమె ఊళ్లో ఉన్న తన కొడుకుకు ఫోన్ చేసింది. అతను సరస్సు దాటి అవతలి ఊరికి పోవడానికి అప్పుడే ఒడ్డుకు వచ్చాడట. ఫోన్ మంచుకు ఆనించమని చెప్పి, తన ఫోన్ నా చెవికి పెట్టింది.

బస్సు నర్సీలో ఆగి ఉంది. ఫోన్‌లో గాలి చప్పుడు కూడా లేదు. లోతు బావిలోకి తొంగిచూసినట్టు ఉంది. లైను తెగిందనుకున్నాను.

అంతలో, చెవి పక్కనే ఉన్నట్టు, ఒక గొంతు హిందీలో అడిగింది: "అమ్మా, వెళ్లనా?"

"పోకు బిడ్డా! ఒడ్డెంబడి సుట్టు తిరిగి పో," అని నాకు వచ్చిన హిందీలో అరిచాను, వాళ్లమ్మ ఇంకా నోరు తెరవకముందే.